ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బూజు పడుతూనే ఉంది. 26 అడుగుల బోటులో గాలి ఎటు పోతోంది?

చెమ్మచెక్క
మూడు వారాలు తాళం వేసి వదిలేసిన బోటు నిన్న తెరిచాను. మెట్ల దారి పలక తీయగానే ముక్కిన వాసన గుప్పుమంది. ముందు పడక మీద పరుపు ఎత్తి చూస్తే అడుగంతా నల్ల చుక్కలు. దాని కింద ఫైబర్ మీద వేలితో గీస్తే చార పడేంత నీళ్ళు. చార్టులు అట్టముక్కల్లా ఉబ్బాయి.

బోటు 26 అడుగుల సెయిల్‌బోట్. ముందు వైపు డెక్ మీద 3 అంగుళాల సోలార్ ఫ్యాన్ ఉంది. పోయిన ఏడాదే పెట్టించాను, బ్యాటరీ ఉన్న రకం, రాత్రి కూడా తిరుగుతుంది. టాయిలెట్ పైన ఒక పుట్టగొడుగు వెంట్ (గొడుగు ఆకారంలో ఉండే గాలి రంధ్రం) ఉంది. వాన లోపలికి రాకుండా మెట్ల దారి పలకలకు చుట్టూ రబ్బరు పట్టీ నేనే కూర్చుని అంటించాను, ఒక్క చుక్క రాదు. మరి ఈ చెమ్మంతా ఎక్కడిది? ఇంకో ఫ్యాన్ పెట్టమంటారా? డెక్‌కి మళ్ళీ చిల్లు పెట్టాలంటే చెయ్యి రావట్లేదు.

గాలివాటం
జవాబు మీ పోస్టులోనే ఉంది. ఒక్క చుక్క రాదన్నారు కదా, గాలి కూడా రాదు.

సగం_తెరచాప
పేరు మాత్రం బోటుకు తగ్గట్టు పెట్టుకున్నారు. చెమ్మ, చెక్క రెండూ ఉన్నాయి 😀

బిల్జ్_బాబాయ్
ముందు ఒకటి చెప్పండి. ఫ్యాన్ లోపలికి ఊదుతోందా, బయటికి లాగుతోందా? వాటితో రెండు రకాల రెక్కలు ఇస్తారు, పెట్టినవాళ్ళు ఏది పెట్టారో చాలామందికి తెలీదు. పుట్టగొడుగు వెంట్ మధ్యలో మర తిప్పి చూశారా? అది మూతపడి ఉంటే డెక్ మీద అలంకారమే.

చెమ్మచెక్క
@బిల్జ్_బాబాయ్ ఫ్యాన్ బయటికే లాగుతోంది, కాగితం పెట్టి చూశాను. పుట్టగొడుగు... ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. బిగించి ఉంది. పోయిన వానల్లో నేనే బిగించినట్టున్నాను.

బిల్జ్_బాబాయ్
😐

గాలివాటం
ఖాళీ సీసా మూతికి నోరు ఆనించి గాలి పీల్చండి. ఒక్క పీల్పు వస్తుంది, తర్వాత నాలుక అంటుకుంటుంది తప్ప ఏమీ రాదు. మీ ఫ్యాన్ చేస్తున్న పని అదే. ఇలాంటి ఫ్యాన్లు గంటకు 700 ఘనపుటడుగుల గాలి తోస్తాయని డబ్బా మీద రాస్తారు. మీ క్యాబిన్ మహా అయితే 400 ఘనపుటడుగులు ఉంటుంది. అంటే కాగితం మీద అరగంటకు కాస్త అటూ ఇటూగా లోపలి గాలి మొత్తం మారిపోవాలి. కానీ ఆ లెక్క అడ్డేమీ లేని ఫ్యాన్‌కి. బయటికి ఎంత పోతుందో అంత లోపలికి వచ్చే దారి ఉంటేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. మీరు ఉన్న దారికి రబ్బరు అంటించారు.

ఫ్యాన్ ఇంకోటి పెట్టకండి. పీల్చే నోళ్ళు రెండైనంత మాత్రాన సీసాలోకి గాలి ఊరదు.

ఎండుచేప
ఈ వెంట్‌ల భజన నాకు ఎప్పుడూ అర్థం కాదు. బయట గాలే తడిగా ఉన్నప్పుడు దాన్ని లోపలికి రమ్మని పిలవడం దేనికి? నా బోటు ఐదేళ్ళుగా జెట్టీ దగ్గరే ఉంటుంది. వెంట్‌లన్నీ మూసేసి, గాలిలోంచి తేమ లాగే చిన్న యంత్రం, డీహ్యుమిడిఫైయర్ పెట్టి, దాని గొట్టం సింక్‌లోకి వదిలాను. పరుపులు అప్పడాల్లా ఉంటాయి.

లంగరువాడు
@ఎండుచేప మీకు జెట్టీ మీద కరెంటు ఉంది. నాది ఒడ్డుకు దూరంగా నీళ్ళలో తేలే బోయాకు కట్టి ఉంటుంది. ప్లగ్ ఎక్కడ పెట్టమంటారు, చేప నోట్లోనా?

ఎండుచేప
సరే, అది నిజమే. కానీ నేనడిగిన దానికి జవాబు రాలేదు. తడి గాలిని లోపలికి తెస్తే తడి పెరగదా?

పాతచుక్కాని
పెరిగే రోజులు ఉంటాయి, అందులో ఎండుచేప గారు చెప్పింది తప్పు కాదు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరి పట్టుకోగలదు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల చిల్లరే. అంటే పగలు వెచ్చగా, నిండా తడిగా ఉన్న గాలి లోపలికి వచ్చి, నీటి మట్టం కింద చల్లగా ఉన్న బోటు గోడను తాకితే మిగతా ఏడెనిమిది గ్రాములూ అక్కడే వదిలిపోతుంది. పరుపు కింద మీరు వేలితో గీసిన నీళ్ళు చాలావరకు అవే. పైనుంచి కారినవి కావు.

కానీ ఏడాదంతా లెక్క వేస్తే లోపల పుట్టే తడే ఎక్కువ. బిల్జ్‌లో, అంటే బోటు అట్టడుగున, రెండు వేళ్ళ నీళ్ళు, తడి తాడు, తడి లైఫ్ జాకెట్, మన ఊపిరి. మూసిన పెట్టెలో ఇవన్నీ ఆవిరై గాలిని నింపేస్తాయి, రాత్రి గోడ చల్లబడగానే నీళ్ళై దిగుతాయి, పగలు మళ్ళీ ఆవిరవుతాయి. ఆ తడి ఎటూ పోదు, లోపలే తిరుగుతుంది. గాలి ఆడితే కనీసం లోపలి తడి బయటి స్థాయికి దిగుతుంది. అంతకన్నా ఆరాలంటే వేడి గానీ యంత్రం గానీ కావాలి. కాబట్టి యంత్రం పెట్టేవాడు వెంట్‌లు మూయాలి, యంత్రం లేనివాడు తెరవాలి. రెండూ కలిపితే సముద్రాన్ని ఆరబెట్టినట్టే.

సగం_తెరచాప
నేను రెండూ కలిపాను. నెల తర్వాత డబ్బా నిండి పొర్లి ఉంది. బోటు మాత్రం తడి తడే.

నీలికళ్ళెం
క్యాల్షియం క్లోరైడ్ గుళికల డబ్బాలు పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నేను నాలుగు పెట్టాను. ఒక పెద్ద అలకు బోటు ఒరిగి డబ్బా తిరగబడింది. ఆ ద్రావణం ఒలికిన చోట నేల ఇప్పటికీ ఆరదు, ఎప్పుడు తాకినా జిగటే. పక్కన స్టెయిన్‌లెస్ మర కూడా తుప్పు మరకలు పట్టింది. సామాను పెట్టుకునే లాకర్ మూలలో కదలకుండా ఇరికించగలిగితేనే పెట్టండి.

లంగరువాడు
అసలు విషయానికి వద్దాం. చెమ్మచెక్క గారూ, ఫ్యాన్ ఉన్న చోటు మంచిదే. లంగరు వేసినప్పుడు బోటు ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది కదా, అప్పుడు చాలా బోట్లలో లోపలి గాలి వెనక నుంచి ముందుకు నడుస్తుంది. ఎదురుగా డెక్ మీద ఉన్న హ్యాచ్ (మూత ఉన్న కిటికీ లాంటిది) లోంచి దూరి వెనక్కి పోతుందని అందరూ అనుకుంటారు, సిగరెట్ పొగ చూస్తే తెలుస్తుంది. మెట్ల దారి దగ్గర, నీటి తుంపర ఆపే గుడ్డ కప్పు (స్ప్రే హుడ్) కింద గాలి తిరగబడి లోపలికి దూరుతుంది, క్యాబిన్ దాటి ముందు హ్యాచ్‌లోంచి పైకి పోతుంది. వంటింటి పొగ, డీజిల్ వాసన ముందు పడక మీద పడుకున్నవాడికే ముందు తెలియడం అందుకే. హ్యాచ్ మీద గుడ్డతో కుట్టిన గాలి బుట్ట కడితే ఈ దిశ తిరగబడుతుంది, అది వేరే సంగతి.

కాబట్టి ముందు నుంచి లాగే ఫ్యాన్ సహజంగా నడిచే దారినే పోతోంది. దానికి వెనక తలుపు తెరవాలి, అంతే.

గాలివాటం
@లంగరువాడు ఒప్పుకుంటాను, కానీ జెట్టీకి కట్టినప్పుడు ఆ లెక్క పనిచేయదు. అక్కడ గాలి ఎటు నుంచైనా వస్తుంది. కొన్నిసార్లు వెనక నుంచి వీచి, బూర లాంటి కౌల్ వెంట్ తప్పు వైపు తిరిగి ఉంటే ఒకదాని పని ఒకటి చెడగొట్టుకుంటాయి.

పాతచుక్కాని
ఏం చేసే ముందైనా ఒక్క పరీక్ష చేయండి. టిష్యూ కాగితాన్ని సన్నటి పీలికలుగా చించి, మెట్ల దారి దగ్గర, టాయిలెట్ తలుపు పైన, ప్రతి లాకర్ సందు దగ్గర, ముందు గోడకు ఉన్న ప్రతి చిల్లు దగ్గర టేపుతో అంటించండి. గాలి పోకడ తెలియడానికి తెరచాపకు కట్టే దారాల్లాగే. హ్యాచ్‌లు మూసి, ఫ్యాన్ వేసి, పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. గాలి ఎక్కడి నుంచి వస్తోందో కాగితమే చెబుతుంది.

చెమ్మచెక్క
చేసి వచ్చాను. నవ్వకండి.

మెట్ల దారి దగ్గర పీలికలు చచ్చిన చేపల్లా వేలాడుతున్నాయి. టాయిలెట్ దగ్గర, పుట్టగొడుగు తెరిచాక, కొంచెం ఊగుతోంది. కానీ ముందు పడక చివర, లంగరు లాకర్‌కి అడ్డంగా ఉన్న గోడలో వైర్ల కోసం ఎప్పుడో ఎవరో కోసిన గుండ్రటి చిల్లు ఉంది, రెండంగుళాలు ఉంటుంది. అక్కడ అంటించిన పీలిక అడ్డంగా లేచి టపటపా కొట్టుకుంటోంది. ముక్కు పెట్టి చూస్తే బురద వాసన. గొలుసు మీద ఎండిన బురద, కింద చుట్టిన తడి తాడు, నీళ్ళు పోయే చిల్లులో సగం ఆకులు.

అంటే డెక్ మీద గొలుసు దిగే రంధ్రంలోంచి గాలి వచ్చి, తడి లాకర్ తిరిగి, ఆ చిల్లులోంచి దూరి, అడుగున్నర దూరంలో ఉన్న ఫ్యాన్‌లోంచి బయటికి పోతోంది. మిగతా క్యాబిన్‌కి గాలి తగలనే లేదు. ఏడాదిగా!

బిల్జ్_బాబాయ్
మీ ఫ్యాన్ ఏడాదిగా లంగరు తాడును ఆరబెడుతోందన్నమాట. అదీ ఆరలేదు.

సగం_తెరచాప
సోలార్ తాడు డ్రయ్యర్.

గాలివాటం
గాలి కూడా మనలాగే, దగ్గర దారి దొరికితే దూరం నడవదు. ఆ చిల్లు మూసేయండి. వైర్ల చుట్టూ రబ్బరు బిళ్ళ పెట్టి సీలెంట్ పట్టించండి, అక్కడ చిల్లు ఉండటం నీటి విషయంలోనూ మంచిది కాదు. లంగరు లాకర్ తన గాలిని డెక్ వైపు నుంచే తీసుకోవాలి, దాని నీళ్ళు బయటికే పోవాలి. ఆకులు తీసేయండి.

తర్వాత వెనక దారి. మెట్ల దారి పలకల్లో పై పలకకు వాలు పట్టీలు చెక్కించండి, వాన జారిపోతుంది, గాలి దూరుతుంది. డెక్‌కి చిల్లు అక్కర్లేదు. పలక పాడైనా ఇంకో పలక చేయించుకోవచ్చు. ఆ దారి మొత్తం వైశాల్యం మాత్రం ఫ్యాన్ నోటి కన్నా తక్కువ కాకూడదు, రెట్టింపు ఉంటే మేలు. దోమల జాలీ వేస్తే గాలి సగం దాకా పడిపోతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

నీలికళ్ళెం
కొలతల విషయం వచ్చింది కాబట్టి. 3 అంగుళాల వెంట్‌కీ 4 అంగుళాల వెంట్‌కీ ఒక్క అంగుళమే కదా తేడా అనుకుని నేను చిన్నదే కొన్నాను. వైశాల్యం తొమ్మిదికి పదహారు. దాదాపు రెండింతలు. చిల్లు కోశాక తెలిసింది.

కొత్తతెరచాప
మధ్యలో దూరుతున్నాను. బోటు కదులుతున్నప్పుడు, అలలు డెక్ మీద పడుతున్నప్పుడు ఇవన్నీ మూసేస్తారు కదా? అప్పుడు లోపల ఉన్నవాడి గతేంటి? నాకు లోపల ఉక్కపోతకే వాంతులు వస్తాయి.

పాతచుక్కాని
దానికే డొరాడ్ పెట్టె. పేరు ఒక పడవది. ఓలిన్ స్టీఫెన్స్ గీసిన డొరాడ్ 1930లో నీళ్ళలోకి దిగింది, 1931లో అట్లాంటిక్ దాటే రేసు గెలిచింది. పెట్టె ఉపాయం ఆయన తమ్ముడు రాడ్‌ది అంటారు. డెక్ మీద ఒక పెట్టె. దాని పైకప్పుకు ఒక కొసన బూర, రెండో కొసన డెక్ లోంచి పైకి లేచిన గొట్టం. రెండూ ఎదురెదురుగా ఉండవు. బూరలోంచి నీళ్ళూ గాలీ కలిసి పెట్టెలోకి పడతాయి. నీళ్ళు అడుగున ఉన్న చిల్లుల్లోంచి డెక్ మీదికి జారిపోతాయి. గాలి మాత్రం గొట్టం అంచు ఎక్కి లోపలికి దిగుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. నాకు ఇప్పటికీ ముద్దొచ్చే వస్తువు అది.

ఎండుచేప
26 అడుగుల బోటు మీద ఆ పెట్టెకు చోటెక్కడ? జిబ్ (ముందు తెరచాప) తాడు ప్రతి మలుపులో ఆ బూరకే చుట్టుకుంటుంది. నా స్నేహితుడు రెండు పెట్టించాడు. ఒక బూర సముద్రానికి ఇచ్చేశాడు, రెండోది చుట్టూ పైపు కంచె కట్టి కాపాడుకుంటున్నాడు.

పాతచుక్కాని
కంచె కట్టాల్సిందే, అది నిజం. పెద్ద తుపాను గాలిలో బూర పీకేసి చిల్లుకు మూత మర బిగించాలి, అదీ నిజం. అయినా తడి పడని గాలి కావాలంటే నాకు తెలిసి దాన్ని మించింది లేదు.

లంగరువాడు
@కొత్తతెరచాప హ్యాచ్ బిజాగిరీ ఏ వైపు ఉందో కూడా చూసుకోండి. ముందు అంచున ఉంటే వెనక్కి తెరుచుకుంటుంది, గాలి తక్కువ, కానీ అల కొడితే దానంతట అదే మూతపడుతుంది. వెనక అంచున ఉంటే లంగరు మీద హాయిగా గాలి తింటుంది, ప్రయాణంలో అలను గరిటెతో తోడినట్టు లోపలికి తోడుతుంది.

బిల్జ్_బాబాయ్
అందరూ బూజు గురించే మాట్లాడుతున్నారు, బూజుతో ఎవడూ చావడు. రబ్బరు పట్టీ అన్న మాట చదివినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పట్టీ వేసుకుని లోపల స్టవ్ వెలిగిస్తున్నారా? కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. పడుకునే చోటికి దగ్గర్లో అలారం పెట్టండి. పైగా చెమ్మ లెక్క కూడా ఉంది. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. చలికి స్టవ్ వెలిగించి క్యాబిన్ వేడి చేసుకునేవాళ్ళు గోడల మీద నీళ్ళు పోస్తున్నట్టే.

ఇంకొకటి, వంట గ్యాస్ గాలి కన్నా బరువు. పైన ఎన్ని వెంట్‌లున్నా అది అడుక్కి జారి బిల్జ్‌లో కూర్చుంటుంది. సిలిండర్ లాకర్‌కి అడుగున, బోటు బయటికి తెరుచుకునే గొట్టం ఉండాలి, నీటి మట్టానికి పైన. బ్యాటరీ పెట్టె దీనికి తిరగేసి. ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ పైకి లేస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకోవడానికి. దానికి పైన దారి కావాలి.

చెమ్మచెక్క
స్టవ్ వాడేటప్పుడు పలకలు తీసే ఉంటాయి. అలారం లేదు. ఆర్డర్ పెట్టేశాను, నిజంగా.

నిద్రలేని_రాత్రి
బాబాయ్ చెప్పిన దానికి నా అనుభవం ఒకటి. పెట్రోల్ ఇంజిన్, లోపల బిగించినది. స్టార్ట్ చేసే ముందు, ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి లాగే బ్లోయర్ ఫ్యాన్ 4 నిమిషాలు వేయాలని ప్యానెల్ మీద స్టిక్కర్ ఉంటుంది, నేను గడియారం చూసి మరీ వేసేవాణ్ణి. ఒకరోజు ఏదో మర కింద పడితే వెతుకుతూ లాకర్‌లోకి తల దూర్చాను. బ్లోయర్ గొట్టం ఊడి పక్కన పడి ఉంది. క్లిప్పు తుప్పు పట్టి తెగిపోయింది. ఎన్నాళ్ళ నుంచో తెలీదు. బ్లోయర్ చక్కగా చప్పుడు చేస్తోంది, లాకర్ పైభాగంలో ఉన్న మంచి గాలిని తీసి బయట పోస్తోంది. పెట్రోల్ ఆవిరి ఉంటే ఇంజిన్ కిందే ఉండేది. ఆ గొట్టం నోరు ఇంజిన్ గదిలో కింది మూడో వంతులో, బిల్జ్ నీటికి తగలకుండా పైన ఉండాలి. ఆ రోజు నుంచి బ్లోయర్ వేసి బయట వెంట్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను, తర్వాత లోపల ముక్కు పెడతాను. చప్పుడును నమ్మను.

గాలివాటం
చెమ్మచెక్క గారి ఫ్యాన్‌కి అన్నయ్య వరస.

కొత్తతెరచాప
నాది డీజిల్. నాకు ఈ గొడవ లేదు కదా?

బిల్జ్_బాబాయ్
పేలుడు భయం తక్కువ. గాలి అక్కర్లేదని కాదు. డీజిల్ ఇంజిన్ మండటానికే బోలెడు గాలి తాగుతుంది. ఇంజిన్ పెట్టెకు చుట్టూ చప్పుడు ఆపే స్పాంజి బిగించి, గాలి దారి మూసేసి, తర్వాత బోటు జోరు తగ్గిందని ప్రొపెల్లర్ మార్చినవాణ్ణి చూశాను. నల్ల పొగ వస్తుంటే ముందు ఇంజిన్ పెట్టె మూత ఎత్తి చూడండి.

చెమ్మచెక్క
ఐదు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. చిల్లు మూశాను, లాకర్ కడిగాను, పై పలకకు వాలు పట్టీలు చేయించాను, రబ్బరు పట్టీ కింది పలకకు మాత్రమే ఉంచాను. పుట్టగొడుగు తెరిచి, మర మీద "మూయకు" అని మార్కర్‌తో రాశాను. పరుపుల కింద చెక్క పట్టీలు వేసి రెండు వేళ్ళ ఖాళీ ఇచ్చాను. లాకర్ తలుపులన్నీ తెరిచి వదిలి వెళ్ళాను. లోపల పెట్టిన తేమ మీటరు మొదట్లో 90 శాతం దగ్గర ఉండేది, ఈసారి తెరిస్తే 71 చూపించింది. వాసన లేదు. ముందు పడక పొడిగా ఉంది.

కానీ కాక్‌పిట్ (వెనక కూర్చుని బోటు నడిపే చోటు) కింద ఉన్న పడక మీద పరుపు మాత్రం ఇంకా చెమ్మే. అక్కడ కూడా పీలిక పెట్టాను, గాలి ఆడుతోంది. ఎండలో రోజంతా వేశాను, సాయంత్రానికి కరకరలాడింది. వారానికి మళ్ళీ చల్లగా, మెత్తగా అయిపోయింది.

నీలికళ్ళెం
దాని మీద ఎప్పుడైనా సముద్రపు నీళ్ళు పడ్డాయా? తడి బట్టలతో పడుకోవడం లాంటివి?

చెమ్మచెక్క
పోయిన ఏడాది ఒక అల మెట్ల దారిలోంచి నేరుగా దాని మీదే పడింది. ఎండబెట్టేశాను.

నీలికళ్ళెం
నీళ్ళు ఎండాయి, ఉప్పు ఉండిపోయింది. మామూలు ఉప్పు తేమ 75 శాతం దాటగానే గాలిలోంచి నీళ్ళు లాక్కుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా చాలా ముందే మొదలుపెడుతుంది. మీ మీటరు 71 అంటోందంటే ఆ పరుపు రాత్రంతా తాగుతూనే ఉంటుంది. ఏ ఫ్యానూ దాన్ని ఆరబెట్టలేదు. తొడుగు విప్పి, స్పాంజిని స్నానాల తొట్టిలో మంచినీళ్ళలో ముంచి, కాలితో తొక్కి, నీళ్ళు పారబోసి మళ్ళీ ముంచాలి. నాలుక ఆనించి చూడండి, ఉప్పగా అనిపించనంత వరకు.

సగం_తెరచాప
పరుపును నాకమంటున్నారు. ఈ ఫోరమ్‌కి రావడం మంచిదే అయింది.

చెమ్మచెక్క
నాకాను. ఉప్పగానే ఉంది. తొట్టిలో నాలుగో నీళ్ళు నడుస్తున్నాయి.